క్యాసెట్‌లో లేని ఆఖరి చరణం

నా చిన్నప్పుడు మదీనాగూడలో మా వీధి మొత్తానికి ఇంగ్లీషు పాటలకు అర్థం చెప్పే పెద్దమనిషిని నేనే. అప్పటికి నాకు పదమూడేళ్ళు. ఎనిమిదో తరగతి చదువుతున్నాను. నాన్నగారికి బదిలీ అయి తణుకు నుంచి వచ్చి, బొంబాయి రోడ్డుకి రెండు సందులు లోపలగా ఒక మేడ మీది వాటాలో దిగాం. చుట్టూ సగం కట్టిన గోడలు, ఇసుక కుప్పలు, వాటి వెనకాల రాళ్ళ గుట్టలు. ఎవరింటికి వెళ్ళినా ఏ కంప్యూటర్ కోర్సు మంచిది, ఎవరబ్బాయి ఎందులో చేరాడు అన్న మాటలే వినిపించేవి. వీధిలో ఇంగ్లీషు మీడియం బడికి వెళ్ళే ఆడపిల్లల్లో నేనే కాస్త గడుగ్గాయిని కాబట్టి, ఇంగ్లీషులో ఏమొచ్చినా నా దగ్గరికే తెచ్చేవారు. మందుసీసా మీది కాగితం దగ్గర్నుంచి మిక్సీతో పాటు వచ్చిన పుస్తకం దాకా అన్నీ చదివి పెట్టేదాన్ని. తెలియని మాట తగిలితే ఒప్పుకోవడం మాత్రం నాకు చేతనయ్యేది కాదు. ఏదో ఒక అర్థం చెప్పేసేదాన్ని.

పక్కింటి అక్క ఇంజనీరింగు రెండో ఏడు చదువుతుండేది. వాళ్ళది కడప. వాళ్ళ నాన్నగారు ప్లాట్ల వ్యాపారం చేస్తూ, కూతురి చదువు కోసమని కాపురం ఇక్కడికి మార్చారు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన ఆ అక్కకి ఇంగ్లీషు మాట్లాడాలంటే బిడియం. పాడమంటే మాత్రం బిడియం ఎటు పోయేదో తెలియదు. గొంతు అంత ధాటీగా ఉండేది. వాళ్ళ కాలేజీలో గిటార్లూ డ్రమ్ములూ వాయించే కుర్రాళ్ళు ముగ్గురు అక్క గొంతు విని తమతో కలుపుకున్నారు. ఏదో విదేశీ బృందం పాడిన రాక్ పాట ఒకటి క్యాసెట్‌లో వేసి ఇచ్చి, ఇది నేర్చుకోమన్నారు. అక్క ఆ క్యాసెట్ పట్టుకుని తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

రెండు మధ్యాహ్నాలు వాళ్ళింటి ముందుగదిలో టేప్ రికార్డర్ ముందు బోర్లా పడుకుని, ఒక్కో ముక్క వినడం, ఆపడం, వెనక్కి తిప్పడం, మళ్ళీ వినడం, నోట్ పుస్తకంలో రాయడం. ఇదే పని. గిటార్ల గోలలో మాటలు సరిగ్గా వినపడేవి కావు. అయినా రాశాను. రెండు చరణాలు, ఒక పల్లవి. వేసవి మధ్యలో మా గదిలో మంచు కురిసింది అని మొదలవుతుంది. మేం ముగ్గురం రెక్కలు తెచ్చుకున్నాం, బండికి బ్రేకులు పీకి పారేశాం, ఊరంతా కింద అగ్గిపెట్టెల్లా కనిపిస్తోంది అని సాగుతుంది. మమ్మల్ని ఎవరూ కిందికి దింపలేరు అనేది పల్లవి. ఆ పల్లవి అక్క అందుకుంటే కిటికీ చువ్వలు కూడా మోగేవి. ఆ పాటతోనే వాళ్ళ బృందం ఒక పోటీకి ఎంపికైంది. మాదాపూర్ రాళ్ళ మధ్య గుండ్రటి అద్దాల మేడ కొత్తగా లేచిన రోజులవి. దానికి దగ్గర్లో ఒక కంప్యూటర్ కంపెనీవాళ్ళు ఆదివారం మధ్యాహ్నం కాలేజీ పిల్లలకి పాటల పోటీ పెట్టారు. వచ్చిన బృందాలన్నిటిలో ముందు నిలబడి పాడే ఆడపిల్ల మా అక్క ఒక్కతే. వీధంతా చెప్పుకున్నాం.

సరిగ్గా ఆ వారంలోనే మా క్లాసు పిల్ల ఒకతె వాళ్ళన్నయ్య దగ్గర్నుంచి ఒక ఇంగ్లీషు పత్రిక కాగితం చింపి తెచ్చింది. రాక్ పాటల్లో ఏ మాట వస్తే దాని వెనక ఏ మత్తుమందు దాగి ఉంటుందో అందులో పట్టిక వేసి ఉంది. మంచు అంటే ఒక పొడి. రెక్కలంటే ఒక మాత్ర. ఎగరడమంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. నేను రాసిన పాటలో ఆ మాటలన్నీ ఉన్నాయి! నాకు ఒక్కసారిగా కొమ్ములు మొలిచాయి. ఇంత పెద్ద రహస్యం పట్టేశాక కడుపులో దాచుకోవడం నా వల్ల అవుతుందా?

గురువారం సాయంత్రం డాబా మీద అక్క వాళ్ళమ్మ, అంటే మా ఆంటీ, పాత చీర పరిచి సగ్గుబియ్యం వడియాలు పెడుతోంది. కింద అక్క సాధన చేస్తోంది. ఆంటీ గరిటె ఆపి, ఏమి పాటో ఇది, ఎప్పుడు చూసినా ఇదే అరుపు, దీని అర్థమేమి పాపా అని అడిగింది. వేరే ఏ అర్థం చెప్పినా సరిపోయేది. నేను మాత్రం చీర అంచున గొంతుక్కూర్చుని, మంచు అంటే ఏమిటో, రెక్కలంటే ఏమిటో, ముగ్గురు కలిసి గదిలో ఏం చేస్తున్నారో, ఒక్కొక్కటీ వేళ్ళు మడుస్తూ విప్పి చెప్పాను. ఆంటీ చేతిలో గరిటె గిన్నెలోకి జారిపోయింది. నా తెలివికి ఆశ్చర్యపోయిందనుకుని నేను సంబరంగా మెట్లు దిగి వచ్చేశాను.

మర్నాడు పొద్దున్నకల్లా కొంప మునిగింది. అక్క వాళ్ళ నాన్నగారు, అంటే మా అంకుల్, రాత్రే క్యాసెట్, పాట కాగితం లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశారు. అక్క సంచీ మంచం మీద బోర్లించి చూశారు. చేతిరుమాలు వాసన చూశారు. చివరికి టార్చి వేసి కూతురి కళ్ళల్లోకి చూశారట. పోటీ లేదు, పాట లేదు, ఆ పిల్లకాయలతో మాట కూడా లేదు అని తేల్చేశారు. అక్క లేకపోతే బృందమే లేదు. ఆదివారానికి రెండు రోజులే ఉంది.

అక్క నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. బడికి వెళ్తూ వాళ్ళ గేటు ముందు నిలబడితే ఒక్కసారి నాకేసి చూసి లోపలికి వెళ్ళిపోయింది.  ఆ రోజు బళ్ళో ఏం చెప్పారో నాకు ఒక్క ముక్క గుర్తులేదు.

మా తాతయ్య, అమ్మ వాళ్ళ నాన్న, అప్పట్లో మాతోనే ఉండేవాడు. హైస్కూల్లో తెలుగు పండితుడిగా ముప్పయ్యేళ్ళు చేసి రిటైరయ్యాడు. ఇంట్లో పప్పుల పొట్లం కాగితం దొరికినా ఎర్ర కలంతో తప్పులు దిద్దకుండా ఉండలేని మనిషి. సాయంత్రం ఇంటికొచ్చి ఆయన దగ్గర కూర్చుని బావురుమన్నాను. జరిగిందంతా చెప్పి, నువ్వెళ్ళి అంకుల్‌తో ఆ పాటలో ఏమీ లేదని చెప్పు తాతయ్యా అని బతిమాలాను. పెద్దవాడు, పైగా పంతులుగారు. ఆయన మాట అంకుల్ కొట్టెయ్యరని నా ధీమా.

తాతయ్య లేచి వెళ్ళి పాత పేపర్ల కట్టలోంచి ఒక పసుపురంగు కాగితం తెచ్చి నా ఒళ్ళో పడేశాడు. అది అంకుల్ ప్లాట్ల కరపత్రం. తనే సొంతంగా రాసి అచ్చు వేయించి వీధిలో ఇంటింటికీ పంచారు. ఎవరైనా బాగుందంటే ఆ పూటంతా ఆయన ముఖం వెలిగిపోయేది.

“నీ పట్టిక చేత్తో పట్టుకుని ఇందులో మత్తుమందు ఎక్కడుందో వెతుకమ్మడూ” అన్నాడు తాతయ్య.

ఏడుపు మధ్యలో నాకు ఒళ్ళు మండింది. కానీ ఆయన పెన్సిలు కూడా చేతికిచ్చి కూర్చున్నాడు. సరే అని మొదలుపెట్టాను. ఒక్కసారి వస్తే మళ్ళీ మళ్ళీ రావాలనిపిస్తుంది అని మొదటి వాక్యం. కింద గీత గీశాను. తెల్లని గీతల మధ్య మీ కలల లోకం అని రెండోది. మీరు ఎప్పుడైనా ప్లాట్లు అమ్మే చోటు చూశారో లేదో, సున్నం పొడితో నేల మీద హద్దులు గీస్తారు. పట్టికలో తెల్ల గీతలకి పెద్ద వివరమే ఉంది! స్వచ్ఛమైన గాలి గుండెల నిండా పీల్చండి, మైమరచిపోండి అని మూడోది. ఆలస్యం చేస్తే జీవితాంతం బాధపడతారు అని నాలుగోది. పావుగంట కాకుండానే కరపత్రం నిండా పెన్సిలు గీతలు పడ్డాయి. ఏడుస్తున్నదాన్ని కాస్తా పకపకా నవ్వడం మొదలుపెట్టాను.

“అయితే ఆ పెద్దమనిషిని పోలీసులకి పట్టించేద్దామా?” అన్నాడు తాతయ్య, ఏమాత్రం నవ్వకుండా.

నాకు తల కొట్టేసినట్టయింది. పట్టిక పట్టుకుని వెతికితే ఎక్కడైనా దొరుకుతుందని అర్థమైంది. అయితే పాటలో మత్తుమందు లేనట్టేగా అని ఉత్సాహంగా అడిగాను. నేనలా అన్నానా అన్నాడాయన. ఉండొచ్చు. ప్లాట్ల కాగితంలో లేదు కాబట్టి పాటలోనూ లేదనడం ఇంకో తొందర. ఉందని తేలినా పని అయిపోదు. ఎవరంటున్నారు, ఎవరితో అంటున్నారు, ఏం జరిగాక అంటున్నారు? ఈ మూడూ రాయకుండా తిన్నగా భావం రాసుకొచ్చిన పిల్లలకి నా చేత్తో ఎన్ని సున్నాలు చుట్టానో అని నవ్వాడు.

తెలుగు పరీక్ష రాసినవాళ్ళకి సందర్భసహిత వ్యాఖ్య అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. పాఠంలోంచి ఒకే ఒక్క వాక్యం ఇస్తారు. అది ఎందులోది, ఎవరు ఎవరితో ఏ సందర్భంలో అన్నది, భావమేమిటి, అందులో విశేషమేమిటి అని వరసగా రాయాలి. నేను వాటికి ఎప్పుడూ పూర్తి మార్కులు తెచ్చుకునేదాన్ని. ఇంగ్లీషు పాటకి కూడా అదే వర్తిస్తుందని మాత్రం నా బుర్రకి తట్టలేదు.

నోట్ పుస్తకం తెరిచి, ఒక్కో వాక్యం తెలుగులో చెప్తూ పోయాను. తాతయ్య కళ్ళు మూసుకుని విన్నాడు. అయిపోయాక కూడా ఇంకా వింటున్నట్టే కూర్చున్నాడు. తర్వాత, ముగింపేదీ అన్నాడు. అంతే తాతయ్యా, అక్కడితో టేపు అయిపోయిందన్నాను. నిజానికి పల్లవి తర్వాత గిటారు ఇంకా మోగుతుండగానే టేపు టప్పున ఆగిపోయేది. బృందంవాళ్ళు కూడా అదే పాట అనుకుని, చివర్లో పల్లవి రెండుసార్లు పాడి ముగించేవారు.

“సగం పాట పట్టుకుని నువ్వు ఒక తీర్పు చెప్పావు. ఆ సగం తీర్పు పట్టుకుని ఆయన ఒక శిక్ష వేశాడు. ఆ అమ్మాయి పాడుతున్నది కూడా సగమే. మిగతా సగం సంగతి తేల్చుకొచ్చాకే మాట్లాడదాం” అన్నాడు.

శనివారం ఒంటిపూట బడి. పుస్తకాల సంచీ ఇంట్లో పడేసి ఇద్దరం క్యాసెట్ల షాపు వెతుక్కుంటూ బయల్దేరాం. బృందంవాళ్ళు రికార్డు చేయించుకున్నది చందానగర్‌లో అని అక్క ఎప్పుడో అన్న గుర్తు. రెండు షాపులవాళ్ళు మాకు తెలియదన్నారు. మూడో షాపు అగ్గిపెట్టెంత గది. గోడల నిండా క్యాసెట్లు, మధ్యలో ఒకాయన. తెల్లపంచె కట్టుకున్న ముసలాయన వచ్చి విదేశీ రాక్ పాట అడిగేసరికి ఆయన మొదట ఎగతాళి అనుకున్నాడు. నేను పల్లవి పాడి వినిపించాక గుర్తుపట్టాడు.

“అరే, గా పాటనా! కాలేజీ పోరగాళ్ళు తీస్కపోయిన్రు. అసలు క్యాసెట్ నా తాననే ఉంది. గంట టేపుల పదహారు పాటలు నింపమన్నరు సార్, ఏడికెల్లి పడ్తయి? ఆఖరుకు జర కోసేసిన. పాట మొదలే వింటరు గానీ, ఆఖరు ఎవరు వింటరు?”

తాతయ్య నావైపు చూసి కళ్ళతోనే నవ్వాడు. షాపాయన అసలు క్యాసెట్ ఇవ్వనన్నాడు గానీ స్టూలు వేసి కూర్చోబెట్టి, క్యాసెట్ పెట్టెలో మడిచి ఉన్న పాటల కాగితం తీసి ఇచ్చాడు. అక్షరాలు చీమల్లా ఉన్నాయి. పాట కూడా పెట్టాడు. గిటార్లు మోగగానే తాతయ్య ఉలిక్కిపడి రెండు చెవులూ మూసుకున్నాడు. అయినా లేచి వెళ్ళలేదు.

రెండో పల్లవి అయింది. టేపు ఆగిపోయే చోటు దాటింది. నేను అంతకు ముందెన్నడూ వినని చరణం మొదలైంది. అందాకా అరిచిన గొంతు అక్కడ మాట్లాడుతున్నట్టుగా ఉంది. కాగితం మీద వేలు పెట్టుకుని చదువుతూ, ఒక్కో పాదం తాతయ్యకి తెలుగులో చెప్పాను. ముగ్గురం ఎక్కాం, ఇద్దరమే దిగాం. వాడి బూట్లు ఇంకా మా గుమ్మంలోనే ఉన్నాయి. ఆ రోజు మీరంతా దేనికంత నవ్వుకున్నారు బాబూ అని వాళ్ళమ్మ అడుగుతుంది. నా దగ్గర జవాబు లేదు. గదిలో మంచు కరిగిపోయింది, నేలంతా తడి. ఆ తర్వాత పల్లవి మళ్ళీ వచ్చింది కానీ మాట మారింది. మమ్మల్ని ఎవరైనా కిందికి దింపి ఉంటే ఎంత బాగుండేది.

 తాతయ్య చెవుల మీంచి చేతులు ఎప్పుడు తీశాడో గమనించలేదు. షాపాయన కూడా క్యాసెట్ ఆపి, గింతుందా ఈ పాటల, నాకెర్కే లేదు అన్నాడు మెల్లగా. అక్కడే స్టూలు మీద కూర్చుని ఆ చరణం పొల్లుపోకుండా రాసుకున్నాను.

ఇంటికొచ్చే దారిలో, ఇక నువ్వు అంకుల్‌తో మాట్లాడొచ్చుగా తాతయ్యా అన్నాను. మాట జారింది నువ్వయితే సరిదిద్దేది నేనెందుకూ అన్నాడు. నీతో వస్తాను, పక్కన నిలబడతాను, ఒక్క ముక్క కూడా అందించను అని ముందే చెప్పేశాడు. ఆయన మీద నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. వీధి మలుపు తిరిగేదాకా ఆయనకి పదడుగుల ముందు నడిచాను.

అంకుల్ వరండాలో ప్లాట్ల పటం పరుచుకుని కూర్చున్నారు. తాతయ్యని చూసి లేచి, రాండి అయ్యవారూ అని కుర్చీ వేశారు. తాతయ్య కూర్చుని నావైపు చూపించాడు. ఆంటీ గుమ్మంలోకి వచ్చింది. లోపలి గది తలుపు చాటున అక్క చున్నీ కనిపిస్తోంది. నా కాళ్ళు గజగజ వణుకుతున్నాయి. ఎలా మొదలుపెట్టాలో తెలియక, పరీక్షలో రాసినట్టే చేతులు కట్టుకుని మొదలుపెట్టాను.

“అంకుల్, మొన్న ఆంటీతో నేను చెప్పింది తప్పు. నేను పాట మొత్తం వినకుండా చెప్పాను. ఈ పాట చెబుతున్నది ముగ్గురు స్నేహితుల్లో బతికి బయటపడిన ఇద్దరిలో ఒకడు. చెబుతున్నది చనిపోయిన స్నేహితుడి తల్లికి. సందర్భం, వాడు పోయిన తర్వాత.”

అక్కణ్ణుంచి మాట దానంతటదే వచ్చింది. మొదటి చరణం, రెండో చరణం, టేపులో తెగిపోయిన మూడో చరణం, మారిపోయిన పల్లవి, అన్నీ చెప్పాను. అంకుల్ పటం మీంచి కళ్ళెత్తలేదు. అంతా అయ్యాక ఒక్క ప్రశ్న వేశారు.

“మంచు అంటే ఆ పొడి అవునా, కాదా? నిజం చెప్పల్ల నువ్వు.”

కాదు అంటే ఆ నిమిషంలో అంతా సర్దుకునేది. తాతయ్య వైపు చూశాను. ఆయన గోడ మీది క్యాలెండర్ చదువుతున్నాడు.

“అవుననే అనుకుంటున్నానంకుల్. కానీ దాన్ని తీసుకోండని ఆ పాటలో ఎవరూ చెప్పడం లేదు. దాని వల్ల ఏం పోగొట్టుకున్నాడో చెబుతున్నాడు. ఆ సంగతి చెప్పాలంటే ఆ రోజు ఎంత సంతోషంగా ఉన్నారో ముందు చెప్పాలి కదా, లేకపోతే ఎవరు నమ్ముతారు?”

అంకుల్ పటం మడిచి పక్కన పెట్టారు. తర్వాత, ఆ ఆఖరిది ఇంకోసారి చెప్పు పాపా అన్నారు. చెప్పాను. బూట్ల దగ్గరికి వచ్చేసరికి ఆంటీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంకుల్ గొంతు సవరించుకుని, నాకు భయమైంది పాపా, ఈ ఊర్లో మాకెవురున్నారు, ఒక్క బిడ్డ అన్నారు. అంత పెద్దమనిషి నాలాంటి చిన్నపిల్లతో భయమైంది అనడం నాకు ఎంత ఆశ్చర్యమో, ఆయన మీద అంత ప్రేమ కూడా పుట్టుకొచ్చింది. అక్క తలుపు దాటి బయటికి వచ్చి నా చేతిలో కాగితం తీసుకుంది. తను పాడుతున్న పాట అదని తనకీ అప్పుడే తెలిసింది. నిలబడే రెండుసార్లు చదువుకుని, నేను దీన్ని వేరేగా పాడాలి నాయనా అంది.

అంకుల్ లేచి బీరువా తాళం తీశారు. కానీ ఒక షరతు పెట్టారు. రేపు నువ్వు పాడకముందు ఈ పాప మైకు ముందు నిలబడి ఇప్పుడు చెప్పిందంతా అందరికీ చెప్పల్ల. అప్పుడే పాట. ఆయన దగ్గర అంత సులువుగా మాట పెగిలిందని పొంగిపోతున్న నాకు గుండె జారిపోయింది.

ఆ రాత్రే అక్క ఫోను చేసి బృందంవాళ్ళకి కొత్త చరణం సంగతి చెప్పేసింది. ఆదివారం మధ్యాహ్నం అంకుల్ జీపులో అందరం వెళ్ళాం. గుండ్రటి మేడ అద్దాల్లో ఎండ కళ్ళు చెదిరేలా మెరుస్తోంది. చుట్టూ ఇంకా బండలూ, తుప్పలూ, కంకర లారీలూ. కంపెనీవాళ్ళ ఆవరణలో షామియానాలు వేశారు. మెడలో గుర్తింపు కార్డులు వేలాడుతున్న కంప్యూటర్ ఉద్యోగులు కుర్చీల నిండా ఉన్నారు. తాతయ్య ఇంటి దగ్గర్నుంచే చెవుల్లో దూది పెట్టుకొచ్చాడు. మా ముందు ఐదు బృందాలు పాడాయి. వ్యాఖ్యాత అమ్మాయి మొత్తం ఇంగ్లీషులోనే మాట్లాడుతోంది. మా వంతు వచ్చింది.

రెండు జడలు, రిబ్బన్లు, లంగా జాకెట్టుతో నేను రాక్ బృందం ముందుకొచ్చి నిలబడేసరికే అక్కడక్కడా నవ్వులు లేచాయి. మైకు నా నుదుటికి తగులుతోంది. గిటారు కుర్రాడొచ్చి దించి వెళ్ళాడు. నోరు తెరిచి, ఇప్పుడు పాడబోయే పాటకి సందర్భసహిత వ్యాఖ్య, మొదట కవి పరిచయం అన్నాను. షామియానా ఎగిరిపోయేంత నవ్వు. అక్కడున్న ప్రతి ఒక్కరూ ఎప్పుడో ఒకప్పుడు అది రాసి మార్కులు పోగొట్టుకున్నవాళ్ళేననుకుంటాను. ఒకాయన వెనకనుంచి, నాలుగు మార్కులు అని అరిచాడు కూడా. సిగ్గుతో చచ్చిపోవాల్సింది, కానీ నాకు చిర్రెత్తుకొచ్చింది.

“నవ్వేవాళ్ళు ముందు మొత్తం వినండి. నేను మొత్తం వినకుండానే ఈ పాట మీద లేనిపోనిది చెప్పాను. దాంతో మా అక్క పాట ఆగిపోయింది. అందుకే నేనిక్కడ నిలబడ్డాను” అన్నాను.

నవ్వు ఆగిపోయింది. ఎవరు చెబుతున్నారు, ఎవరికి చెబుతున్నారు, ఏం జరిగాక చెబుతున్నారు అని వరసగా చెప్పుకుంటూ పోయాను. మంచు సంగతి దాచలేదు. బ్రేకులు పీకేసినప్పుడు వాళ్ళకి కలిగిన సంతోషాన్నీ దాచలేదు. ముందు వరసలో కూర్చున్న ఉద్యోగులకి అప్పటికి ఇరవై మూడో, ఇరవై నాలుగో ఉంటాయేమో. మోటారు సైకిళ్ళ మీద కొత్త రోడ్డు వెంట దూసుకుపోయే వయసే వాళ్ళదీ. వాళ్ళంతా నా ముఖంలోకే చూస్తున్నారు. భావం చెప్పి, విశేషం దగ్గరికి వచ్చాక, ఆఖరి పల్లవిలో ఒక్క మాట మారుతుంది, అది మాత్రం నేను చెప్పను, మా అక్క పాడుతుంది, వినండి అని దిగి వచ్చేశాను.

అక్క పాడింది. మొదటి రెండు చరణాలూ ఎప్పటికంటే రెట్టింపు హుషారుగా, గెంతుతూ పాడింది. ఒకరిద్దరు కుర్చీల్లోంచి లేచి చప్పట్లు కొట్టారు. మూడో చరణం దగ్గర చెయ్యెత్తింది. గిటార్లు ఆగిపోయాయి. డ్రమ్ము ఆగిపోయింది. ఒక్క గొంతే మిగిలింది. బూట్లు గుమ్మంలోనే ఉన్నాయని ఆ గొంతు ఇంగ్లీషులో అంటుంటే, అర్థం ముందే తెలిసిన జనం గాలి కూడా పీల్చడం మానేశారు. తాతయ్య చెవిలోంచి దూది తీసి గుప్పిట్లో పట్టుకున్నాడు. చివరి పల్లవి పాడేటప్పుడు అక్క కళ్ళు వాళ్ళ నాన్న మీదే ఉన్నాయి.

పాట అయిపోయింది. ఆ తర్వాత లేచిన హోరు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అందరికంటే ముందు లేచింది అంకుల్. కుర్చీ మీదికెక్కి, రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని కడప మొత్తం వినపడేలా ఈల వేశారు. ఆంటీ ఆయన చొక్కా పట్టుకుని కిందికి లాగుతోంది, ఏడుస్తోంది, నవ్వుతోంది. మొదటి బహుమతి అక్క వాళ్ళకే వచ్చింది. వేదిక మీదికి వెళ్తూ అక్క వెనక్కి వచ్చి నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. నన్నెందుకక్కా అంటే, సగం నీది కాదా ఏమి, నడువు అంది. ఆ చెయ్యి పట్టుకున్నంత గట్టిగా నన్ను ఇంకెవరూ ఎప్పుడూ పట్టుకోలేదు.

తాతయ్య ఎన్ని మార్కులు వేస్తాడో తెలుసుకోవాలని జీపెక్కాక అడిగాను. నాలుగుకి మూడున్నర అన్నాడు. అర మార్కు ఎందుకు పోయిందంటే, జనాన్ని కోప్పడ్డావుగా అన్నాడు. అందరం ఘొల్లుమన్నాం.

ఇప్పుడు మదీనాగూడలో ఆ వీధి గుర్తుపట్టలేను. తాతయ్య లేడు. నన్ను ఆంటీ అనేవాళ్ళే ఎక్కువైపోయారు. ఇంట్లో పిల్లలు వినే పాటల్లో మాటలు నన్నూ అప్పుడప్పుడూ భయపెడతాయి. అప్పుడు తిట్టడానికి ముందు వాళ్ళ పక్కన కూర్చుని, మొదట్నుంచి ఆఖరుదాకా పెట్టమంటాను. కొన్నిటి ఆఖర్లో నిజంగానే ఏమీ ఉండదు. అది కూడా విన్నాకే చెబుతాను. నోరు జారే గుణం మాత్రం నాకు పోలేదు. జారినప్పుడల్లా చెవిలో చెప్పి సర్దుకుందామనే మనసుకి ఉంటుంది. కానీ నా మాట పట్టుకుని ఎవరి పాటైనా ఆగిపోయిందేమో అనిపించగానే లేచి వెళ్తాను. ఎవరి ముందు తప్పు చెప్పానో వాళ్ళందరి ముందూ నిలబడి, అంతే గట్టిగా, నేను సగమే విన్నాను అంటాను. ఆ మొదటి వాక్యానికి కాళ్ళు ఇప్పటికీ వణుకుతాయి. మూడో వాక్యానికల్లా ఆగిపోతాయని నాకు పదమూడో ఏటే తెలిసింది.